గేమ్‌లో ఫైట్ ఎలా కడతారు, కెమెరా ఎక్కడ పెడతారు: వైజాగ్‌లో మా ఆదివారం గదిలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంవీపీ కాలనీలో మా మేడ మీద గదిలో ఆదివారం పొద్దున్న ఎనిమిది, పది మంది చేరతారు. ఇంజినీరింగ్ చదివే పిల్లలు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఇద్దరు, షిప్‌యార్డ్‌లో నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చేసే ఒకాయన. అందరిదీ ఒకటే పిచ్చి, గేమ్‌లో కొట్లాట. నేను యానిమేటర్‌ని. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ అవే ప్రశ్నలు వేస్తుంటే చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఇలా రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు. కావలసిన ప్రశ్న దగ్గర ఆగండి.

సినిమా ఫైట్లు బాగా తెలిసినవాళ్లు గేమ్ ఫైట్ కూడా చేసేయగలరా?

సగం చేసేయగలరు. మిగతా సగం మరిచిపోవాలి.

మన ఫైట్ మాస్టర్ల పద్ధతి చూడండి. హీరో గుద్దు రౌడీ దవడకి జానెడు దూరంలోంచి పోతుంది. కెమెరా రౌడీ భుజం వెనక ఉంటుంది కాబట్టి ఆ జానెడు ఖాళీ మనకి కనబడదు. రౌడీ సరైన సమయానికి మెడ తిప్పి ఎగిరి పడితే దెబ్బ తగిలినట్టే. బీచ్ రోడ్డులో షూటింగ్ జరుగుతున్నప్పుడు జనంలో పక్కగా నిలబడి చూసినవాళ్లకి ఈ గుట్టు తెలుసు. అక్కణ్ణించి చూస్తే ఎవరికీ ఏమీ తగలదు, ఊరికే ఎగిరి పడుతుంటారు.

గేమ్ ఆడేవాడు ఎప్పుడూ ఆ జనంలో నిలబడ్డవాడే. కెమెరా అతని కుడి బొటనవేలి కింద ఉంటుంది. ఎటునుంచి కావాలంటే అటునుంచి చూస్తాడు, జానెడు ఖాళీ వదిలితే దొరికిపోతాం. కాబట్టి గుద్దు నిజంగానే దవడ దాకా వెళ్లాలి. పైగా సినిమాలో హీరో ఎప్పుడు కొట్టాలో మాస్టర్ చెప్తాడు. ఇక్కడ చెప్పేది ఆడేవాడు, ఎప్పుడు చెప్తాడో మనకి ముందుగా తెలీదు. పరిగెడుతూ చెప్పొచ్చు, కింద పడి లేస్తూ చెప్పొచ్చు. అందుకని గేమ్‌లో ఫైట్ అంటే మొదటినుంచి చివరిదాకా కట్టిన వరస ఉండదు. విడివిడి ముక్కలు ఉంటాయి, ఏ ముక్క తర్వాత ఏ ముక్క వచ్చినా అతుకు కనబడకూడదు.

సినిమాలో కెమెరాతో దాస్తాం. గేమ్‌లో దాచడానికి వీల్లేదు, చూపించి తీరాలి. కింద చెప్పేవన్నీ ఈ తేడాలోంచి పుట్టుకొచ్చినవే.

ఒక్క దెబ్బ ఎంతసేపు ఉంటుంది?

కిందటేడు సంక్రాంతికి భీమిలి వైపు ఊళ్లో కర్రసాము తిప్పే తాత ఒకాయన్ని ఇసకలో నిలబెట్టి ఫోన్‌తో తీశాను, సెకనుకి 60 ఫ్రేముల (అంటే 60 బొమ్మల) లెక్కన. ఒక్కటే దెబ్బ. కర్ర కుడి భుజం వెనక్కి వెళ్లి, తల మీదుగా నేలకి దిగాలి. ఇంటికొచ్చి లెక్కపెట్టాను. కర్ర వెనక్కి వెళ్లడానికి 34 ఫ్రేములు. కిందికి దిగడానికి 7. ఆయన మోకాళ్లు సర్దుకుని కర్ర మళ్లీ ఛాతీ ముందుకి తెచ్చుకోవడానికి 26. మొత్తం 67, సెకను దాటి రవ్వంత.

ఆ 34లో మొదటి 20 ఫ్రేములు కర్ర దాదాపు కదల్లేదు. ముందు ఎడమ మడమ ఇసకలో తిరిగింది, తర్వాత తుంటి, ఆ తర్వాత నడుం, భుజం. అందరికన్నా ఆఖరున కర్ర. కిందికి దిగిన 7 ఫ్రేముల్లో కర్ర కొస స్పష్టంగా కనబడింది రెండింటిలోనే, మిగతా అయిదింటిలో మసక చార. ఒక్కో ఫ్రేమూ జరుపుతూ తాతకి చూపిస్తే, "ఏటి బాబూ, దెబ్బని చేప ముక్కల్లా కోసేసినావు" అని నవ్వాడు.

గేమ్ వాళ్లు కోసేదీ అలాగే, మూడు ముక్కలుగా. స్టార్టప్, యాక్టివ్, రికవరీ అంటారు. మా గదిలో ఎత్తు, దెబ్బ, తేరుకోవడం అంటాం. ఈ దెబ్బ శత్రువు చేతికిస్తే ఎత్తు 34 ఫ్రేములూ అలాగే ఉంచుతాను, ఒక్కోసారి పెంచుతాను కూడా. మనిషి కంటితో చూసి వేలు కదపడానికి సుమారు పావు సెకను పడుతుంది, అంటే 15 ఫ్రేములు. దాని మీద టీవీ, కంట్రోలర్ కలిసి తినేసే ఆలస్యం ఒకటి. ఎత్తు అంతకన్నా తక్కువైతే ఎంత చురుకైనవాడూ చూసి తప్పుకోలేడు, గుడ్డిగా ఊహించాలి. అదే దెబ్బ హీరో చేతికిస్తే 34 ఉంచడానికి లేదు. బటన్ నొక్కి అర సెకను ఆగమంటే ఎవడాగుతాడు? 8కో 10కో కోసేస్తాను.

అంత కోసేస్తే హీరో దెబ్బలో బలం పోదా అన్నయ్యా?

ఊరికే కోస్తే పోతుంది. అందుకని మొదటి ఫ్రేములోనే హీరో ఒంటిని తాత 20వ ఫ్రేములో ఉన్న భంగిమకి గెంతించేస్తాను, తుంటి తిరిగిపోయి, మడమ లేచిపోయి. మధ్యలో ఏమీ ఉండదు. ఆ గెంతుని కన్ను పట్టుకోలేదు గానీ బరువు ఎటునుంచి వస్తోందో దానికి అందుతుంది. ఎత్తులో తీసేసినదంతా తేరుకోవడంలో తిరిగిస్తాను. ఆ 26 ఫ్రేములూ ఉంచి ఇంకో నాలుగు కలుపుతాను.

అయితే ఆ 30 ఫ్రేములూ హీరో బందీ అయిపోతే ఆడేవాడికి మండుతుంది. పదో ఫ్రేము దాటాక తప్పుకునే బటన్ నొక్కితే మిగతాది తెంపేసి తప్పుకోనివ్వాలి. దీన్ని క్యాన్సిల్ అంటారు. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2లో ఒక దెబ్బని తెంపి ఇంకో దెబ్బలోకి వెళ్లే సందు అనుకోకుండా మిగిలిపోయింది. తయారుచేసినవాళ్లు గమనించి కూడా మూయకుండా వదిలేశారు. ఇప్పుడు ప్రపంచమంతా కాంబో (దెబ్బ మీద దెబ్బ) అంటున్నది ఆ సందులోంచి వచ్చిందే.

నేను బటన్ నొక్కాను, వాడు కొట్టలేదు. గేమ్ తప్పా, నా తప్పా?

చాలాసార్లు మీరు తొందరపడి నొక్కి ఉంటారు, ముందు దెబ్బ ఇంకా పూర్తవలేదు. కానీ అది మీ తప్పు అనడానికి నాకు మనసొప్పదు. బఫర్ అని ఉంటుంది. తొందరగా నొక్కిన బటన్‌ని గేమ్ ఆరేడు ఫ్రేములు గుర్తుపెట్టుకుని, వీలు చిక్కగానే అమలు చేస్తుంది. అది లేకపోతే చేసినవాళ్లదే తప్పు. మరీ ఎక్కువ పెడితే ఇంకో గోల, ఎప్పుడో నొక్కిన దెబ్బ ఇప్పుడు వేస్తాడు.

దెబ్బ తగిలినప్పుడల్లా గేమ్ హ్యాంగయినట్టు ఆగుతోంది. నా కంప్యూటర్ పాడైందా?

పాడవలేదు, కావాలనే ఆపుతారు. దాని పేరు హిట్‌స్టాప్.

కట్టెలు కొట్టడం చూశారా? గొడ్డలి దుంగలో దిగిన క్షణంలో ఒక్కసారి చెయ్యి బిగుసుకుంటుంది, భుజం దాకా అదురు వస్తుంది. గేమ్‌లో గొడ్డలికి ఎదురు తగిలేదేమీ లేదు. బొమ్మలోంచి బొమ్మ దూరిపోతుంది, ఆడేవాడి చేతికి ఏమీ తెలీదు. అందుకని తగిలిన ఫ్రేములో ఇద్దర్నీ అక్కడికక్కడ బిగించేస్తారు. చిన్న గుద్దుకి 3, 4 ఫ్రేములు, పెద్ద దెబ్బకి 8 నుంచి 12. అంతకన్నా ఎక్కువైతే నిజంగానే హ్యాంగైందనుకుంటారు.

నేను మొదట్లో చేసిన పొరపాటు: ఆపడమంటే లోకాన్నంతా ఆపేశాను. కెమెరా ఆగింది, ఎగిరే దుమ్ము ఆగింది, వెనక సముద్రం కూడా ఆగింది. అది దెబ్బలా లేదు, కరెంటు పోయినట్టుంది. ఇద్దరు మనుషుల్ని మాత్రం ఆపి మిగతాదంతా నడవనివ్వాలి. దెబ్బ తిన్నవాణ్ణి ఆ కొన్ని ఫ్రేములూ అటూ ఇటూ రవ్వంత వణికిస్తే ఇంకా బావుంటుంది. ఇక శబ్దం. అది తగిలిన మొదటి ఫ్రేములోనే రావాలి. రెండు ఫ్రేములు ఆలస్యమైనా ఏదో తేడాగా ఉందంటారు, ఏమిటో మాత్రం చెప్పలేరు. (మా దగ్గర గుద్దుల శబ్దాలన్నీ డాబా మీద తడి తువ్వాలు బండకేసి కొట్టి తీసినవే. కింద పోర్షన్ వాళ్లు మంచివాళ్లు కాబట్టి మమ్మల్ని భరిస్తున్నారు.)

లాక్-ఆన్ అనేది ఎవరికి తట్టింది?

1998లో నింటెండో 64 మీద వచ్చిన ద లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్‌తో స్థిరపడింది. కంట్రోలర్ వెనక ఉండే జెడ్ బటన్ నొక్కితే కెమెరా శత్రువుకి కట్టుబడిపోతుంది. మీరెటు నడిచినా హీరో ముఖం అతనివైపే ఉంటుంది.

ఆ తయారీ బృందంలో కొందరు క్యోటోలో తోయీ సంస్థ నడిపే సినిమా పార్కుకి వెళ్లారట. అక్కడ కత్తియుద్ధాల ప్రదర్శన. ఒక నింజా గొలుసు కట్టిన కొడవలి విసిరితే సమురాయ్ చేత్తో పట్టుకున్నాడు. గొలుసు బిగిసి, నింజా సమురాయ్ చుట్టూ వలయంగా తిరగసాగాడు. ఇద్దరి మధ్య బిగిసిన ఆ గొలుసునే కంటికి కనబడకుండా పెడితే లాక్-ఆన్. ఈ సంగతి ఆ బృందంవాళ్లే తర్వాత ఇంటర్వ్యూలో చెప్పారు.

అంతకుముందు త్రీడీ గేముల్లో శత్రువు పక్కకి తప్పుకుంటే వాణ్ణి వెతుక్కోవడంతోనే సరిపోయేది. ఇప్పుడు ఎవరైనా కొత్తగా కొట్లాట గేమ్ చేస్తుంటే మొదటి రోజే లాక్-ఆన్ పెట్టుకోమంటాను. అయితే ఒక్కడితో పోరాటానికే అది బంగారం. అయిదుగురు చుట్టుముట్టినప్పుడు ఒకడికి కట్టేసుకుంటే మిగతా నలుగురూ వీపు వాయిస్తారు.

అయినా రౌడీలంతా ఒకేసారి మీద పడరేం? ఒక్కొక్కడే ఎందుకొస్తాడు?

థియేటర్లో నవ్వుకునే ప్రశ్నే ఇది. క్యోటోలో ఆ బృందం గమనించిన రెండో సంగతి కూడా ఇదే. చుట్టూ పదిమంది ఉన్నా ఒకసారికి ఒకడే కొడతాడు, మిగతావాళ్లు కొడతామన్నట్టు కత్తులు ఆడిస్తుంటారు. దాన్నే గేమ్‌లోకి తెచ్చుకున్నారు. మీరొకణ్ణి లాక్ చేస్తే, ఆగమని మిగతావాళ్లకి ప్రోగ్రాము లోపల ఒక జెండా ఊపుతుంది.

ఈ రోజుల్లో దీన్ని టోకెన్లతో నడుపుతారు. రేషన్ షాపు క్యూ అనుకోండి. కొట్టే టోకెన్లు రెండే ఉంటాయి, అవి చేతిలో ఉన్నవాడే కొట్టాలి, కొట్టాక తిరిగిచ్చేయాలి. కష్టం పెంచాలంటే టోకెన్లు పెంచితే చాలు. క్యూలో ఉన్నవాణ్ణి ఖాళీగా నిలబెడితే మాత్రం నవ్వులపాలవుతాం. వాడు పక్కకి నడవాలి, అరవాలి, ఒకడుగు ముందుకేసి వెనక్కి తగ్గాలి. తెరమీద కనబడనివాడికి టోకెన్ ఇవ్వకూడదన్నది మా గదిలో నియమం. వీపు వెనక నుంచి దెబ్బ తిన్నవాడు తన చేతకానితనం అనుకోడు, మోసం అంటాడు. వాడి మాట నిజమే.

మరి వెనక ఉన్నవాణ్ణి చూపించేదెలా?

మూడు దారులు నాకు నచ్చాయి. 2009 నాటి బ్యాట్‌మ్యాన్: ఆర్ఖమ్ అసైలమ్‌లో కొట్టబోయేవాడి తల మీద మెరుపు గీతలు వస్తాయి, చూసి బటన్ నొక్కితే ఎదురుదెబ్బ. ఆ గేమ్‌లో కెమెరా బాగా వెనక్కి జరిగి ఉంటుంది కాబట్టి గుంపంతా కనబడుతుంది. 2018 గాడ్ ఆఫ్ వార్‌లో కెమెరా హీరో భుజానికి అతుక్కుని ఉంటుంది, వెనక ఏముందో కనబడే ప్రసక్తే లేదు. అందుకని అతని చుట్టూ చిన్న బాణం గుర్తులు పెట్టారు, శత్రువు ఎటు ఉంటే అటు. మూడోది కూడా అందులోనే ఉంది. పక్కనున్న కొడుకు వెనక్కి చూడమని అరుస్తాడు. కథకి కథ, పనికి పని. నాకు బాణాలకన్నా ఆ అరుపే ఇష్టం.

గాడ్ ఆఫ్ వార్‌లో ఒక్క కట్ కూడా లేదంటారు. నిజమేనా?

నిజమే. మొదటినుంచి చివరిదాకా ఒకే షాట్‌లా కడదామని దర్శకుడు కోరీ బార్లాగ్ పట్టుబట్టాడు. సినిమాలో అలా చేస్తే స్తంభం వెనకో చీకట్లోనో అతుకు దాచుకోవచ్చు. గేమ్‌లో ఆడటం, కథ చెప్పడం, మళ్లీ ఆడటం, వీటి మధ్య కెమెరా జారుతూ వెళ్లి హీరో భుజం మీద వాలాలి. ఆ వాలే చోటే అసలు కష్టం. అదే వరసలో 2005లో వచ్చిన మొదటి గేమ్‌లో కెమెరాని ఆడేవాడు కదపలేడు, ప్రతి గదికీ తయారీదారులే చోటు నిర్ణయించారు.

నన్నడిగితే మన స్థాయిలో ఒకే షాట్ జోలికి పోవద్దు. కట్ అంటే దేవుడిచ్చిన వరం.

కెమెరా దగ్గరగా ఉండాలా, దూరంగానా?

కొట్లాట ఏ రకమో దాన్నిబట్టి. 2005లో రెసిడెంట్ ఈవిల్ 4 కెమెరాని కుడి భుజం వెనక్కి తెచ్చాక తుపాకి గేములు చాలావరకు అక్కడే స్థిరపడ్డాయి. గురిపెట్టడానికి అది హాయి. కర్రకి అది చాలదు. కర్ర తిప్పితే రెండు వైపులా బారెడు బారెడు చోటు కావాలి, భుజం వెనక నుంచి చూస్తే కొస తెర దాటి పోతుంది.

దూరం ఒక్కటే కాదు, ఎత్తూ ముఖ్యమే. కెమెరా కంటి మట్టానికి ఉంటే ఎదుటివాడు రెండడుగుల్లో ఉన్నాడా నాలుగడుగుల్లో ఉన్నాడా తెలీదు, ఎందుకంటే ఇద్దరి మధ్యా నేల కనబడదు. కాస్త పైకెత్తి కిందికి వంచితే నేల కనబడుతుంది, దూరం తెలుస్తుంది. కొత్తవాళ్ల గేముల్లో "నా కర్ర అందట్లేదు" అనే ఫిర్యాదు సగం ఇక్కడే తీరిపోతుంది.

సందుల్లో ఫైట్ పెడితే కెమెరా గోడలోకి దూరిపోతోంది. ఏం చేయాలి?

పాత పోస్టాఫీసు దగ్గర సందుల్ని చూసి ముచ్చటపడి అచ్చం అలాంటి సందు కట్టాను. రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత. అరుగులు, తీగల మీద ఆరేసిన చీరలు, ఓ పక్క సైకిల్. చూడ్డానికి ముద్దొచ్చేది. ఆడటం మొదలెట్టగానే కెమెరా గోడలోకి, గోడలోంచి ఎవరింట్లోకో, అక్కణ్ణించి హీరో నోట్లోకి. హీరో పళ్లు లోపలినుంచి కనబడ్డాయి.

అన్‌రియల్‌లో స్ప్రింగ్ ఆర్మ్ అని ఉంటుంది, యూనిటీ వాళ్లకి సినీమెషీన్ (ఆ రెండూ గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు). హీరో నుంచి కెమెరా దాకా ఒక గీత గీసి, మధ్యలో గోడ అడ్డొస్తే కెమెరాని ముందుకి లాగుతాయి. అది చాలదు. గోడ మూల దాటిన ప్రతిసారీ కెమెరా గబుక్కున ముందుకీ వెనక్కీ గెంతుతుంది. దగ్గరికి వెంటనే లాగాలి, దూరం మాత్రం నెమ్మదిగా జరగనివ్వాలి. పక్కలకి కూడా రెండు మూడు గీతలు పిల్లి మీసాల్లా పెట్టుకుంటే గోడ తగలకముందే కెమెరా పక్కకి తిరగడం మొదలెడుతుంది. చీరలు, సైకిల్ లాంటివాటిని కెమెరా లెక్కలోంచి తీసేయాలి, అడ్డొచ్చినప్పుడు మసకబరిస్తే చాలు.

ఇన్ని చేశాక కూడా నేను సందుని రెట్టింపు వెడల్పు చేయాల్సొచ్చింది. తెర మీద చూస్తే ఎవరికీ తేడా తెలీలేదు. గేమ్‌లో ఇళ్లూ తలుపులూ మెట్లూ అన్నీ నిజంకన్నా పెద్దవే, కెమెరా కూడా ఆ తలుపులోంచే దూరాలి మరి.

కొన్ని గేములు ఆడితే తల తిరుగుతుంది ఎందుకని?

అరకు ఘాట్ రోడ్డు గుర్తు తెచ్చుకోండి. వెనక సీట్లో వాళ్లకి వాంతులు, స్టీరింగ్ పట్టుకున్నవాడికి ఏమీ కాదు. మలుపు వస్తోందని వాడికి ముందే తెలుసు, తిప్పేది వాడే. గేమ్‌లో ఆడేవాడి ప్రమేయం లేకుండా కెమెరా తిరిగితే వాణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టినట్టే.

షేక్ (దెబ్బకి తెర అదరడం) పెట్టాలనుకుంటే పక్కలకి జరపండి గానీ ఒరగనివ్వకండి, అయిదారు ఫ్రేముల్లో తగ్గిపోనివ్వండి. ఆపుకునే వీలు సెట్టింగ్స్‌లో తప్పకుండా ఉండాలి. చూపు కోణం మరీ ఇరుకైనా తల తిరుగుతుంది, అదీ మార్చుకోనివ్వండి.

స్లో మోషన్?

2001లో మ్యాక్స్ పేన్ అనే గేమ్ దాన్ని ఆడేవాడి చేతికిచ్చింది, బటన్ నొక్కితే కాలం నెమ్మదిస్తుంది. అది సరైన పద్ధతి. ఆడేవాడు అడక్కుండా మనం పెట్టే స్లో మోషన్ గుంపులో ఆఖరివాడికి ఆఖరి దెబ్బ తగిలినప్పుడు ఒక్కసారి చాలు. ప్రతి దెబ్బకీ పెడితే మాస్ సినిమా ట్రైలర్ అయిపోతుంది.

మోకాప్ సూట్ (మనిషి కదలికల్ని పట్టే సెన్సార్ల బట్టలు) కొనాలా?

వద్దు. ముందొక పాత కథ. గేములు చేసే జోర్డాన్ మెక్నర్ 1985లో తమ్ముణ్ణి పార్కింగ్ స్థలంలో పరిగెత్తించి, గెంతించి వీడియో తీశాడు. ఆ ఫ్రేముల మీద గీసుకుంటూ పోయాడు. 1989లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా గేమ్ వచ్చింది. కత్తియుద్ధానికి మాత్రం ఆ తమ్ముడు పనికిరాలేదు, కత్తి రాదుగా. 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమాలో ఎరల్ ఫ్లిన్, బేసిల్ రాత్‌బోన్ తలపడే ఆఖరి పోరాటంలో ఇద్దరూ పక్కనుంచి పూర్తిగా కనబడే కొన్ని సెకన్లు దొరికాయి. వాటిమీద గీశాడు. మీ ఫోన్ ఆయన దగ్గరున్న కెమెరాకన్నా వందరెట్లు నయం.

ఇక నా అనుభవం. రెండేళ్ల క్రితం గాజువాక వైపు ఓ పెద్ద రేకుల షెడ్డు దొరికింది, సెన్సార్లున్న సూట్ రెండ్రోజులకి అద్దెకి తెచ్చాం. మే నెల. వైజాగ్ ఉక్కపోతకి సూట్ వేసుకున్న కుర్రాడు గంటకోసారి బట్టలు పిండుకున్నాడు. అది ఎలాగో భరించాం. సాయంత్రం డేటా చూస్తే హీరో తిన్నగా నడుస్తూ నడుస్తూ చంద్రవంకలా పక్కకి తిరిగిపోతున్నాడు, నడుం ఒకవైపు, కాళ్లు ఇంకోవైపు. ఆ రకం సెన్సార్లు దిక్కు తెలుసుకోవడానికి భూమి అయస్కాంతాన్ని వాడుకుంటాయి. మేము నిలబడింది ఇనప స్తంభాలు, ఇనప దూలాలు, నేలలో ఇనప చువ్వలు ఉన్న షెడ్డులో. ఉక్కు ఊళ్లో ఉక్కు కప్పు కింద ఆ సూట్ వేసుకున్నాం. రెండోరోజు బయట మైదానంలో తీసినవే పనికొచ్చాయి.

గదిచుట్టూ కెమెరాలు పెట్టి ఒంటిమీద మెరిసే గోళీలు అతికించే పద్ధతికి ఈ బాధ లేదు, కానీ అది మన జేబుకి అందదు. ఏ పద్ధతిలో తీసినా పచ్చి డేటా నేరుగా గేమ్‌లో పెట్టలేరు. తాత 34 ఫ్రేముల్ని 10కి కోసినట్టు, చేత్తో కోసుకోవాల్సిందే.

హీరో శత్రువు దగ్గరికి నేలమీద జారిపోతున్నట్టుంది. ఎందుకు?

దెబ్బ ఒకటిన్నర మీటరు దూరానికి చేసి ఉంటారు, శత్రువు రెండున్నరలో ఉన్నాడు. మిగిలిన మీటరూ ప్రోగ్రాము లాగేస్తుంది. ఆర్ఖమ్ గేముల్లో బ్యాట్‌మ్యాన్ గదికి ఈ చివర నుంచి ఆ చివరకి ఎగిరి కొట్టేదీ ఇలాగే, కాకపోతే అక్కడ గెంతు, పల్టీ పెట్టి దాన్ని కప్పారు. పాదం నేలని ఆనుకున్న ఫ్రేముల్లో లాగితే జారినట్టుంటుంది, పాదం గాలిలో ఉన్న ఫ్రేముల్లో లాగితే అడుగు వేసినట్టుంటుంది.

మన కర్రసాము, సాముగరిడీ గేమ్‌లో పెట్టొచ్చా?

పెట్టాలనే నా గోల. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తినాయుడు పేరు తల్చుకునే ప్రాంతం మనది. పండగల్లో కర్ర తిప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. గేముల్లో మాత్రం కుంగ్‌ఫూ, కటానా తప్ప మనకి ఇంకోటి గుర్తురాదు.

అన్నీ కలిపి కిచిడీ చేయొద్దు. 2022లో పారిస్‌లోని స్లోక్లాప్ అనే స్టూడియో సిఫు అనే గేమ్ చేసింది. పాక్ మెయ్ అనే ఒకే ఒక్క కుంగ్‌ఫూ శాఖ పట్టుకుని, అది నేర్పే గురువుని పక్కన కూర్చోబెట్టుకుని చేశారు. అందుకే ఆ హీరో గుద్దులో మోచెయ్యి ఎక్కడుంటుందో చూసి ఆ శాఖవాళ్లు గుర్తుపడతారు.

కర్రతో మూడు చిక్కులున్నాయి. మొదటిది వేగం. కొస ఒక ఫ్రేములో ఇక్కడుంటే తర్వాతి ఫ్రేములో అక్కడ, మధ్యలో శత్రువు తల ఉంటే గేమ్‌కి తెలీదు, కర్ర తలలోంచి పోయినట్టు కనబడినా దెబ్బ పడదు. రెండు ఫ్రేముల మధ్య కర్ర ఊడ్చిన జాగానంతా లెక్కలోకి తీసుకోవాలి. కంటి కోసం ఆ జాగాలోనే పలచటి చార గీస్తే కర్ర ఎటు తిరిగిందో అందుతుంది. రెండోది, కర్ర రెండు చేతుల మధ్య జారుతుంది, ఒక చేతిలోంచి ఇంకో చేతికి మారుతుంది. మామూలు కత్తి గేముల్లో ఆయుధం కుడిచేతికి మేకు కొట్టినట్టుంటుంది కాబట్టి ఆ రిగ్ (బొమ్మ లోపలి ఎముకల చట్రం) పనికిరాదు. కర్రకి సొంత ఎముక పెట్టి, చేతులే దాన్ని వెతుక్కుని పట్టుకునేలా చేయాలి. నాకు దీనికే నెల పట్టింది.

మూడోది నాకు బాగా ఇష్టమైనది. కర్రసాములో కర్ర ఒంటికి తగలడంకన్నా కర్రకి కర్ర తగలడమే ఎక్కువ. ఆ టకటకలోనే ఆట ఉంది. 2019లో సెకిరో అనే గేమ్ ఇలాంటి పని చేసింది. ఎదుటివాడి ప్రాణం తగ్గించడంకన్నా కత్తికి కత్తి తాకించి నిలకడ చెడగొట్టడం ముఖ్యం, నిలకడ విరిగితే ఒకే పోటు. కర్రకి ఆ లెక్క అతికినట్టు సరిపోతుంది.

నేర్పిన గురువుకి డబ్బివ్వండి, గేమ్‌లో పేరు వేయండి. భీమిలి తాత డబ్బు తీసుకున్నాడు గానీ పేరు వద్దన్నాడు, "నాది కాదు, మా మావయ్యది" అని. మావయ్య పేరే వేస్తున్నాం.

ఫోన్ గేమ్‌కి ఏం మారుతుంది?

బొటనవేళ్లు తెరలో కింది రెండు మూలలూ కప్పేస్తాయి. శత్రువు అక్కడ ఉండకూడదు, కెమెరా హీరోని కాస్త పైకి తీసుకెళ్లాలి. చవక ఫోన్లలో సెకనుకి 30 ఫ్రేములే వస్తాయి, అంటే ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు. మూడు ఫ్రేముల హిట్‌స్టాప్ పెట్టానంటే ఏ లెక్కన అని అడగండి. అన్నీ సెకన్లలో రాసుకోవడం మేలు. కెమెరా తిప్పే పని కూడా వేలికి పెట్టకండి, లాక్-ఆన్ దానంతటదే పడాలి.

కట్‌సీన్ (ఆట ఆపి సినిమాలా నడిపే కథ ముక్క) మధ్యలో "ఈ బటన్ నొక్కు" అని వచ్చేది మీకు నచ్చుతుందా?

నచ్చదు. ఫైట్ చూడనివ్వదు, ఆడనివ్వదు. కళ్లన్నీ బటన్ బొమ్మ మీదే ఉంటాయి. 1999లో షెన్‌మూలో కొత్తగా ఉండేది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ ఉచితం. నేర్చుకునేవాళ్లకి అన్‌రియల్, యూనిటీ కూడా ఉచితమే. మిక్సమోలో బొమ్మలు, కదలికలు ఊరికే దొరుకుతాయి. బూడిద రంగు నేల, ఒక మనిషి, ఒక దిష్టిబొమ్మ. ఒకే ఒక్క దెబ్బ. ఆ ఒక్క దెబ్బా పదినిమిషాలు విసుగు లేకుండా కొడుతూ కూర్చోగలిగినప్పుడు రెండోది మొదలెట్టండి. మా దగ్గరికి వచ్చేవాళ్లు నలభై కదలికలు చేసుకొస్తారు, ఒక్కటీ తగిలినట్టుండదు.

వైజాగ్‌లో ఉండి ఈ ఉద్యోగం దొరుకుతుందా?

కొలువులు ఎక్కువ హైదరాబాద్, బెంగళూరు, పుణెలలో. ఇక్కడుండి దూరం నుంచి పనిచేసేవాళ్లున్నారు, నేనూ ఎక్కువ అలాగే చేస్తాను. షోరీల్ (మీ పని చూపించే వీడియో) నిమిషం దాటకూడదు. యానిమేషన్ ఒక్కటే కాకుండా గేమ్‌లో ఆడుతున్నది చూపించండి, మూలన ఏ బటన్ ఎప్పుడు నొక్కారో కనబడేలా. ఫ్రేముల్లో ఆలోచిస్తున్నారో లేదో చూసేవాళ్లకి అందులోనే తెలిసిపోతుంది. అడ్వాన్సు లేకుండా మాత్రం పని మొదలెట్టకండి. ఓ స్టూడియోకి పదకొండు దెబ్బలు చేసిచ్చాను, ఇప్పటికీ డబ్బు రాలేదు.

ఆదివారం మేమూ రావచ్చా?

రండి. తొమ్మిదింటికి మొదలు, టిఫిన్ చేసే రండి. ల్యాప్‌టాప్ లేకపోయినా పర్లేదు, 60 ఫ్రేములు తీసే ఫోన్ ఉంటే చాలు. కర్ర మాత్రం గదిలోకి తేవద్దు, రెండు ట్యూబ్‌లైట్లు పోయాయి. సాధన కావాలంటే సాయంత్రం నాలుగున్నర తర్వాత బీచ్‌లో, తడి ఇసక వైపు, జనం లేనిచోట.